ఇండికేటర్ ఎందుకు తొందరపడుతుంది?



ఇవాళ ఒక చిన్న దీపం గురించి మాట్లాడుకుందాం. బండి నడిపేవాడి కోసం కాక, వెనకా ముందూ వచ్చేవాళ్ల కోసం పెట్టిన దీపం అది. మోటారు సైకిలు ఇండికేటర్. ఆ నాలుగు దీపాల్లో పాత బల్బులు పీకేసి ఎల్‌ఈడీలు పెట్టించుకోవడం ఇప్పుడు ఊరూరా మామూలైపోయింది. హైదరాబాదు పుత్లీబౌలీలో అడిగినా, విజయవాడ ఆటోనగర్‌లో అడిగినా, మీ మండల కేంద్రంలో చెట్టు కింద షెడ్డులో అడిగినా, రంగురంగుల పొట్లాలు ముందు పరిచి, ఏది కావాలో చెప్పమని, కాసేపట్లో బిగించి పంపించేస్తారు. అసలు కథ బండి మొదటి మలుపు దగ్గరికి వచ్చాక మొదలవుతుంది.

"అన్నా, ఇండికేటర్ చూడు, పిచ్చి పట్టినట్టు కొట్టుకుంటోంది" అంటూ కుర్రాడు షెడ్డుకి తిరిగొస్తాడు. మెకానిక్కుకి ఇది కొత్తేమీ కాదు. "ఫ్లాషర్ గూడ మార్చాలె తమ్మీ" అంటాడు. కుర్రాడికి అనుమానం వస్తుంది. బల్బుల కోసం వస్తే ఇంకో ఖర్చు తగిలిస్తున్నాడేమిటని. మెకానిక్కు అబద్ధం చెప్పడం లేదు. కాకపోతే ఆ మాట బల్బులు అమ్మేటప్పుడే చెప్పాల్సింది.

బల్బు మారిస్తే ఆ ఫ్లాషర్ ఎందుకు మార్చాలి? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు తెలిస్తే మిగతా సంగతులు చాలావరకు వాటంతట అవే అర్థమవుతాయి. అందుకని కొంచెం నెమ్మదిగా చెబుతాను.

మన బళ్లలో ఎక్కువగా కనిపించే ఇండికేటర్ బల్బు మీద సన్నటి అక్షరాలతో 12 వోల్టులు, 10 వాట్లు అని ఉంటుంది. లెక్క కడితే ఒక్కో బల్బు 0.8 ఆంపియర్లకు కాస్త పైన కరెంటు లాగుతుంది. ఎడమ వైపు మీట జరిపితే ముందొకటి, వెనకొకటి వెలుగుతాయి కాబట్టి రెండూ కలిసి 1.6 ఆంపియర్ల పైమాటే. ఈ కరెంటంతా ఒక చిన్న డబ్బా గుండా పోవాలి. కొన్ని బళ్లలో అది సీటు కింద ఉంటుంది, కొన్నిటిలో ట్యాంకు కింద, మరికొన్నిటిలో హెడ్‌లైటు వెనక. అదురు తగలకుండా రబ్బరు తొడుగులో వేలాడుతూ ఉంటుంది. అదే ఫ్లాషర్. వెలిగించేదీ ఆర్పేదీ అదే. మనకు వినిపించే టిక్ టిక్ కూడా చాలా బళ్లలో దానిదే.

పాత కాలపు ఫ్లాషర్‌లో రెండు వేర్వేరు లోహాలు అతికించిన సన్నటి రేకు ఉంటుంది. కరెంటు పారితే అది వేడెక్కి వంగుతుంది. వంగగానే కరెంటు తెగుతుంది. చల్లారి మళ్లీ నిటారుగా అయితే కరెంటు అందుకుంటుంది. ఇంట్లో ఇస్త్రీపెట్టె తనంతట తాను ఆగి, మళ్లీ వేడెక్కడం కూడా ఈ పద్ధతి మీదే. యాక్సిలరేటర్ తిప్పినప్పుడల్లా పాత బండి ఇండికేటర్ కాస్త హుషారుగా కొట్టుకునేది గుర్తుందా? ఇంజను వేగంతో వోల్టేజీ పెరిగేది, రేకు త్వరగా వేడెక్కేది, అంతే. ఇప్పుడు ఆ బండికి ఎల్‌ఈడీలు పెట్టారనుకోండి. ఎల్‌ఈడీ బల్బు లాగే కరెంటు సుమారు పదో వంతు. ఆ కాస్త కరెంటుకు రేకు వేడెక్కదు. ఇండికేటర్ వెలిగి అలాగే నిలబడిపోతుంది, టిక్కూ ఉండదు, టాకూ ఉండదు.

తరవాత వచ్చింది ఎలక్ట్రానిక్ ఫ్లాషర్. ఇది బల్బులకు పోయే కరెంటును కొలుస్తూ కూర్చుంటుంది. రెండు బల్బులూ బాగుంటే ఇంత పోవాలని దానికి ముందే నిర్ణయించి పెట్టారు. ఒక బల్బు మాడితే కరెంటు సగానికి పడిపోతుంది. ఆ సంగతి బండి మీద కూర్చున్నవాడికి తెలియాలి. అతనికి వెనక దీపం కనపడదు. అందుకని ఫ్లాషర్ వేగం రెట్టింపు చేస్తుంది. ముందు డయల్ దగ్గర పచ్చబాణం గబగబా కొట్టుకోవడం మొదలుపెడితే, ఆ వైపు ఒక దీపం పోయిందని అర్థం. చాలామంది దీన్ని చెడిపోవడం అనుకుంటారు. ఇంజనీర్లు ఏరికోరి పెట్టిన ఏర్పాటు అది. ఎల్‌ఈడీ పెట్టినప్పుడు ఈ ఫ్లాషర్‌కు తెలిసేది ఒక్కటే, కరెంటు తక్కువగా పోతోందని. బల్బు మాడిందో, ఎల్‌ఈడీ వచ్చిందో దానికి తేడా తెలియదు. కాబట్టి తన పని తాను చేస్తుంది, గబగబా కొడుతుంది.

అలా కొట్టుకుంటే నష్టమేంటి, ఇంకా బాగా కనిపిస్తుంది కదా అని వాదించేవాళ్లు ఉన్నారు. కేంద్ర మోటారు వాహనాల నియమావళిలో 102వ నియమం ఇండికేటర్ వేగం నిమిషానికి 60 సార్లకు తగ్గకూడదు, 120 సార్లకు మించకూడదు అంటుంది. రంగు ఆంబర్, అంటే నారింజలోకి దిగిన పసుపు, అయి ఉండాలి అంటుంది. చేతి గడియారం చూస్తూ పది సెకన్లు లెక్కపెట్టండి. పదికీ ఇరవైకీ మధ్య వస్తే సరిగ్గా ఉన్నట్టు. పాతిక, ముప్పై వస్తే వెనకవాడు దాన్ని మలుపు సూచనగా చదవడానికి తడబడతాడు. పెళ్లి పందిరి లైటింగు కాదు కదా అది.

ఈ తొందర తగ్గించడానికి బజారులో రెండు దారులు అమ్ముతారు. ఒకటి రెసిస్టరు. బంగారు రంగు అల్యూమినియం ఒంటితో, రెండు వైర్లతో ఉంటుంది. దాన్ని ఎల్‌ఈడీకి పక్కనే తగిలిస్తే, పాత బల్బు తినే కరెంటును అది తింటుంది. ఫ్లాషర్ మోసపోయి మామూలు వేగంతో కొడుతుంది. ఆ తిన్న కరెంటంతా ఏమవుతుంది? వేడి. వెలిగినంతసేపూ పది వాట్లు, ఇంకా ఎక్కువ కూడా, ఆ చిన్న ముక్కలో వేడిగా మారుతుంది. దాన్ని వైర్ల కట్టకు టేపుతో చుట్టేసి, పైన ప్లాస్టిక్ ప్యానెల్ మూసేసిన బళ్లు ఎన్నో. రైల్వే గేటు దగ్గర హజార్డ్ వేసుకుని, అంటే నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి కొట్టుకునేలా పెట్టుకుని, నిలబడితే ప్లాస్టిక్ మెత్తబడుతుంది, వైరు తోలు ఊడుతుంది. పెట్టాలంటే ఇనుప ఛాసిస్‌కు బోల్టుతో బిగించాలి. నన్నడిగితే అసలు పెట్టనే వద్దు. కరెంటు ఆదా చేయడానికి ఎల్‌ఈడీ తెచ్చి, ఆదా అయిన కరెంటును కాల్చడానికి ఇంకో వస్తువు కొనడం ఏం తెలివి?

రెండో దారి ఫ్లాషర్ మార్చడం. ఎల్‌ఈడీ ఫ్లాషర్ అని అడిగితే ఇస్తారు, పెద్ద ధర కాదు. ఇది బల్బుల కరెంటు మీద ఆధారపడకుండా తన లోపలి సర్క్యూటుతోనే వేగం నిలుపుకుంటుంది. కొనేటప్పుడు పాతది చేతిలో పట్టుకుని వెళ్లండి. దానికి రెండు పిన్నులు ఉన్నాయా, మూడు ఉన్నాయా చూడాలి. రెండు పిన్నుల దాంట్లో బి అంటే బ్యాటరీ నుంచి వచ్చేది, ఎల్ అంటే దీపాల వైపు పోయేది. మూడోది ఉంటే ఇ, అది ఎర్తు. కొన్నిటి మీద అక్షరాలకు బదులు జర్మన్ పద్ధతిలో 49, 49ఎ, 31 అని అంకెలుంటాయి, వరుసగా అవే అర్థాలు. చాలా ఎల్‌ఈడీ ఫ్లాషర్లకు ఎర్తు తప్పనిసరి. పాత రకం తనకు కావలసినది దీపాల గుండా పోయే కరెంటు నుంచే తీసుకునేది. కొత్త దానిలోని చిప్పు బతకాలంటే విడిగా ఎర్తు కావాలి. మీ బండిలో రెండే వైర్లుంటే, మూడో వైరు తీసి దగ్గరున్న ఇనుప బోల్టు కిందో, బండి ఎర్తు వైరుకో కలపాలి. బి, ఎల్ తారుమారైతే ఫ్లాషర్ పలకదు. మాడిపోయిందని పారేసే ముందు రెండు వైర్లూ అటూ ఇటూ మార్చి చూడండి.

హోండా పద్ధతిలో వైరింగ్ ఉన్న బళ్లలో రంగులు గుర్తుపెట్టుకోవడం తేలిక. ఆకుపచ్చ ఎర్తు, నారింజ ఎడమ ఇండికేటర్, లేత నీలం కుడి, బూడిదరంగు ఫ్లాషర్ నుంచి హ్యాండిల్ స్విచ్చికి, నలుపు తాళం తిప్పగానే కరెంటు వచ్చేది. మిగతా కంపెనీల లెక్క వేరు. రంగును నమ్మి కత్తిరించవద్దు, టెస్ట్ ల్యాంపు పెట్టి చూసి ముట్టుకోండి.

ఇక్కడ నేను ముఖ్యంగా చెప్పదలచుకున్న మాట ఒకటుంది. ఎల్‌ఈడీ ఫ్లాషర్ పెట్టగానే సమస్య తీరిందనుకుంటాం. తీరింది కూడా. కానీ దాంతో పాటు ఒక కాపలాదారుణ్ని ఇంటికి పంపించేశాం. కొత్త ఫ్లాషర్ కరెంటు కొలవదు. వెనక దీపం మాడినా అదే టిక్ టిక్. దీపం ఊడి రోడ్డు మీద పడిపోయినా అదే టిక్ టిక్. ముందు పచ్చబాణం హాయిగా కొట్టుకుంటూనే ఉంటుంది. మీరు కుడికి తిరుగుతున్నానని చెప్పాననుకుంటారు, వెనక లారీవాడికి ఏమీ కనిపించి ఉండదు. ఎల్‌ఈడీ పోదు కదా అంటారు. పొట్లం మీద 50,000 గంటలు అని రాసి ఉంటుంది కూడా. ఆ అంకె చిప్పుకు తగిన చల్లదనం దొరికినప్పటిది. చౌక బల్బులో చిప్పుల్ని సన్నటి పలక మీద అతికించి, ఒక చిన్న రెసిస్టరు పెట్టి వదిలేస్తారు. వేడి పోయే దారి ఉండదు. బండిలో వోల్టేజీని అదుపు చేసే రెగ్యులేటర్ పాడై వోల్టేజీ 16, 17 దాకా ఎగబాకితే వరసగా మాడతాయి. మార్చిన ఎల్‌ఈడీలు పదేపదే పోతుంటే దుకాణదారుడితో తగువు పెట్టుకునే ముందు, ఇంజను కాస్త రేజ్ చేసి బ్యాటరీ మీద మీటరు పెట్టించండి. 14, 14న్నర వోల్టుల దగ్గర నిలవాలి. అంతకన్నా బాగా పైకి పోతుంటే తప్పు రెగ్యులేటర్‌ది.

మరి ఇంత గొడవతో ఎల్‌ఈడీ ఎందుకు? లాభం ఉంది, నిజంగానే ఉంది. తీగతో వెలిగే పాత ఫిలమెంటు బల్బుకు ఒక బలహీనత ఉంది. వోల్టేజీ పదో వంతు తగ్గితే వెలుగు దాదాపు మూడో వంతు పడిపోతుంది. సిగ్నల్ దగ్గర ఇంజను నెమ్మదిగా తిరుగుతూ, బ్యాటరీ నీరసంగా ఉండి, బ్రేకు లైటు వెలుగుతూ ఉన్నప్పుడు, అంటే ఇండికేటర్ అవసరం బాగా ఉన్నప్పుడే, అది ఎర్రగా మినుకుమినుకుమంటుంది. సరైన సర్క్యూటున్న ఎల్‌ఈడీ అప్పుడు కూడా నిలకడగా వెలుగుతుంది. ఫిలమెంటు కాలి కాంతి ఇవ్వడానికి సెకనులో పదో వంతో, ఇంకొంచెమో పడుతుంది. ఎల్‌ఈడీ తక్షణం వెలిగి తక్షణం ఆరుతుంది. ఆ ఖచ్చితమైన కోత కంటిని పట్టేస్తుంది. ఒంటి సిలిండరు పెద్ద బళ్ల అదురుకు ఫిలమెంట్లు తెగడం బుల్లెట్ ఉన్నవాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు. ఎల్‌ఈడీలో తెగడానికి తీగే లేదు.

బ్యాటరీ సంగతి కూడా చూడండి. మన రోజువారీ బళ్లలో బ్యాటరీ 3 నుంచి 5 ఆంపియర్ అవర్లు. హజార్డ్ వేస్తే నాలుగు బల్బులు కలిసి 40 వాట్లు, మూడు ఆంపియర్ల పైన. సగం సేపు వెలిగి సగం సేపు ఆరతాయి కాబట్టి సగటున అందులో సగం. రాత్రిపూట పంక్చరై రోడ్డు పక్కన ఇంజను ఆపి హజార్డ్ వేసుకుని నిలబడితే, చిన్న బ్యాటరీ గంటన్నర తిరక్కుండానే చేతులెత్తేస్తుంది. ఎల్‌ఈడీలతో రాత్రంతా లాగుతుంది. ఎల్‌ఈడీ ఇండికేటర్‌తో పెట్రోలు కలిసొస్తుందని మాత్రం ఎవరైనా చెబితే నవ్వి ఊరుకోండి. రోజు మొత్తం మీద ఇండికేటర్ వెలిగేది కొద్ది నిమిషాలు.

ఇక రంగు దగ్గరికి వద్దాం. మనవాళ్లు తప్పుదారి పట్టేది ఎక్కువగా ఇక్కడే. దుకాణంలో తెల్ల ఎల్‌ఈడీ వెలిగించి చూపిస్తారు, కళ్లు జిగేల్‌మంటాయి. బండికి ఉన్నది ఆంబర్ అద్దమే కదా, తెల్లది పెడితే అద్దం దాన్ని పసుపు చేస్తుంది కదా అనుకుంటాం. పాత బల్బుతో అలాగే జరిగేది. ఫిలమెంటు కాంతిలో పసుపూ ఎరుపూ పుష్కలంగా ఉంటాయి, అద్దం వాటిని పోనిచ్చేది. తెల్ల ఎల్‌ఈడీ పుట్టుక వేరు. అది నిజానికి నీలం ఎల్‌ఈడీ. దాని మీద పసుపు రంగు పూత పూస్తారు, రెండూ కలిసి మన కంటికి తెలుపనిపిస్తుంది. ఆంబర్ అద్దం ముందు పెట్టగానే ఆ నీలమంతా అద్దంలోనే ఆగిపోతుంది, ఆకుపచ్చ కూడా చాలావరకు ఆగిపోతుంది. బయటికి వచ్చేది వెలిసిపోయిన పసుపు. దుకాణంలో జిగేల్‌మన్నది ఎండలో కనపడకుండా పోతుంది. ఆంబర్ ఎల్‌ఈడీ పుట్టుకతోనే ఆ రంగులో వెలుగుతుంది, అద్దం దాన్ని ఆపేది ఏమీ ఉండదు. కొనేటప్పుడు వెలుగు తక్కువగా కనిపించినా, అద్దం వెనక పెట్టాక గెలిచేది అదే.

ఈ రంగుల చరిత్ర కూడా సరదాగా ఉంటుంది. కంటికి కనిపించే ఎర్ర ఎల్‌ఈడీని జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో నిక్ హొలోన్యాక్ చేసి చూపించింది 1962లో. ఆయన శిష్యుడు జార్జ్ క్రాఫర్డ్ మాన్శాంటో కంపెనీలో ఉండగా 1972లో పసుపు ఎల్‌ఈడీ వచ్చింది. ప్రకాశవంతమైన నీలం కోసం 1990ల దాకా ఆగాల్సి వచ్చింది. ఆ నీలానికే అకసాకి, అమానో, నకమురాలకు 2014లో నోబెల్ బహుమతి ఇచ్చారు. అంటే ఇండికేటర్‌కు కావలసిన రంగు, ఇప్పుడు అందరూ మోజుపడే తెలుపు కన్నా ఇరవై ఏళ్లు పెద్దది. మన రోడ్ల మీద కుర్రకారు కంట్లో ఎల్‌ఈడీ మొదట పడింది ఇండికేటర్‌గా కాదు, 2006 పల్సర్ వెనక రెండు నిలువు ఎర్ర గీతలుగా. ఆ తరవాత 2012లో డ్యూక్ 200 సన్నటి ఎల్‌ఈడీ ఇండికేటర్లతో దిగింది. మా బండికీ అలాంటివి కావాలన్న కోరిక ఆ తరవాతే ఊపందుకుందని నా అంచనా.

అద్దం తెల్లగా ఉండి, లోపల బల్బుకే ఆంబర్ రంగు ఉన్న బళ్లు కొన్ని ఉన్నాయి. యూరప్ ప్రమాణాల ప్రకారం చేసిన హోల్డరైతే ఆ ఆంబర్ బల్బు అడుగున రెండు చిన్న మేకులు ఒకదానికొకటి సరిగ్గా ఎదురెదురుగా ఉండవు, కాస్త పక్కకు జరిగి ఉంటాయి. తెల్ల బల్బు ఆ హోల్డరులో పట్టకూడదనే అలా చేశారు. పట్టడం లేదని ఆకురాయితో మేకు అరగదీసి బిగించేవాళ్లు ఉన్నారు. దయచేసి ఆ పని చేయించుకోవద్దు. తెల్లగా వెలిగి ఆరే ఇండికేటర్ ఎదురుగా వచ్చేవాడికి ఏం చెబుతుంది? ఇక నీలం, ఊదా, ఎరుపు రంగుల సంగతి చెప్పనే అక్కర్లేదు. చట్టానికీ విరుద్ధం, చూసేవాడికీ అయోమయం.

ఇంకో వింత ఉంది. ఎల్‌ఈడీలూ పెట్టారు, ఫ్లాషరూ మార్చారు. ఎడమకు వేస్తే నాలుగు దీపాలూ వెలుగుతాయి. కుడికి వేసినా నాలుగూ వెలుగుతాయి. మెకానిక్కు తల గోక్కుంటాడు, షార్టు అంటాడు, వైరింగంతా విప్పుతానంటాడు. విప్పనివ్వకండి. ముందు డయల్ దగ్గర చూడండి. ఎడమకొక బాణం, కుడికొక బాణం విడివిడిగా ఉన్నాయా, లేక రెంటికీ కలిపి ఒకే దీపం ఉందా? ఒకే దీపం ఉంటే దొంగ దొరికినట్టే. ఆ చిన్న బల్బు ఒక కాలు ఎడమ వైరుకు, ఇంకో కాలు కుడి వైరుకు కలిపి ఉంటుంది. దానికి విడిగా ఎర్తు లేదు. ఎడమకు వేస్తే కరెంటు ఆ చిన్న బల్బు గుండా వచ్చి, కుడి వైపు పెద్ద బల్బుల గుండా ఎర్తుకు చేరుతుంది. పది వాట్ల ఫిలమెంటుకు ఆ కాస్త కరెంటు చీమ కుట్టినట్టు కూడా ఉండదు, వెలగదు. ఎల్‌ఈడీకి మాత్రం అదే విందు భోజనం, వెలిగిపోతుంది.

మందు చవకైనది. 1ఎన్4007 అనే డయోడ్లు రెండు కావాలి. హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీ లాంటి ఎలక్ట్రానిక్స్ బజార్లలో చిల్లర డబ్బులకు దొరుకుతాయి. ఆ చిన్న దీపానికి వచ్చే రెండు వైర్లూ విడదీయాలి. ఒక్కో వైరుకు ఒక్కో డయోడు తగిలించి, వాటి రెండో కొసలు కలిపి దీపం ఒక కాలికి ఇవ్వాలి. దీపం రెండో కాలు ఎర్తుకు పోవాలి. డయోడు మీద వెండి గీత ఉన్న కొస దీపం వైపు ఉండాలి. డయోడు కరెంటును ఒక దిక్కుకే పోనిస్తుంది కాబట్టి, ఒక వైపు కరెంటు అవతలి వైపుకు దాటదు. డయల్ దగ్గర రెండు బాణాలున్న బళ్లకు ఈ తద్దినం లేదు.

వానాకాలంలో కనిపించే ఇంకో చిత్రం ఏమిటంటే, స్విచ్చి ఆపినా ఎల్‌ఈడీ సన్నగా వెలుగుతూ ఉండడం. హ్యాండిల్ స్విచ్చిలో నీళ్లో, మట్టో చేరి కొద్దిపాటి కరెంటు కారుతోందన్నమాట. పాత బల్బు ఉన్నప్పుడూ కారింది, దానికి చాలలేదు కాబట్టి బయటపడలేదు. స్విచ్చి విప్పి శుభ్రం చేస్తే పోతుంది.

పాత బళ్ల అభిమానులకు ఒక మాట. జావా, యెజ్డీ, రాజ్‌దూత్ లాంటి 6 వోల్టుల బళ్లు ఇంకా జాగ్రత్తగా కాపాడుకునేవాళ్లు మన దగ్గర తక్కువేం లేరు. వాటి ఇండికేటర్లు కొత్తప్పుడే అంతంతమాత్రంగా వెలిగేవి. ఎల్‌ఈడీ వల్ల అసలైన మేలు జరిగేది వాటికే. అయితే బల్బూ ఫ్లాషరూ రెండూ 6 వోల్టులవే వెతకాలి. 12 వోల్టులది పెడితే వెలగదు. బ్యాటరీ లేకుండా మాగ్నెటో మీద నడిచే పాత స్కూటర్లకు మాత్రం నేరుగా పెట్టవద్దు. అక్కడ వచ్చేది ఏసీ కరెంటు, దాన్ని డీసీగా మార్చే రెక్టిఫయర్ లేకుండా ఎల్‌ఈడీ వణుకుతూ వెలిగి త్వరగా చస్తుంది.

బల్బు మాత్రమే మార్చడానికీ, ఇండికేటర్ మొత్తం మార్చడానికీ తేడా ఉంది. మీ ఇండికేటర్ లోపల మెరిసే గిన్నె లాంటి భాగాన్ని ఫిలమెంటు ఎక్కడ ఉంటుందో లెక్కగట్టి చేశారు. ఎల్‌ఈడీ బల్బులో చిప్పులు వేరే చోట ఉంటాయి. చిప్పులన్నీ మొనదగ్గరే ఉన్న బల్బు వెలుగును తిన్నగా ముందుకు చిమ్ముతుంది. గిన్నెకు ఏమీ అందదు, పక్క నుంచి చూసేవాడికి చీకటే. ఒంటి చుట్టూ కూడా చిప్పులున్నది తీసుకోండి. అంతర్జాతీయ ప్రమాణాల్లో ఇండికేటర్ బయటి పక్కకు 80 డిగ్రీల దాకా కనిపించాలని ఉంటుంది. పక్క సందులోంచి వచ్చే ఆటోకి మీ మలుపు తెలియాలంటే ఆ మాత్రం వెడల్పు కావాలి.

మొత్తం దీపమే మార్చేవాళ్లలో సన్నటివాటి మోజు ఎక్కువ. బాణం మొనంత ఉంటాయి. బాగా చేసినవైతే సన్నగా ఉన్నా పనిచేస్తాయి. వాటి మీద వలయంలో ఇ అక్షరం, పక్కన ఒక అంకె చెక్కి ఉంటుంది, ప్రమాణాలకు సరిపోయిందనడానికి గుర్తు. అది లేని చవక సరుకు చీకట్లో ఫోటోకి బాగుంటుంది. వెనక రెండు ఇండికేటర్ల మధ్య కనీసం 180 మిల్లీమీటర్ల ఎడం ఉండాలని కూడా ఆ ప్రమాణాలు అడుగుతాయి. ఇప్పుడు ఇండికేటర్లను బ్రేకు లైటులోనే కలిపేసిన పలకలు అమ్ముతున్నారు. బ్రేకు వేయగానే ఆ ఎరుపులో పసుపు కొట్టుకుపోతుంది, ఎటు తిరుగుతున్నాడో దేవుడికెరుక. చూడడానికి శుభ్రంగానే ఉంటాయి, నాకు మాత్రం అవి ఎందుకూ కొరగానివి.

చట్టం మాట కూడా అనుకుందాం. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, తయారీదారు ఇచ్చిన నిర్దేశాలకు భిన్నంగా బండిని మార్చకూడదంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. కొన్ని కంపెనీలు తమ బళ్లకు తామే ఎల్‌ఈడీ ఇండికేటర్లను అదనపు సామగ్రిగా అమ్ముతున్నాయి. రాయల్ ఎన్‌ఫీల్డ్ అందులో ఒకటి. మీ బండికి అలాంటివి దొరికితే నాలుగు డబ్బులు ఎక్కువైనా అవే పెట్టించండి. వైరు కోయకుండా సాకెట్టులోకి సాకెట్టు పడుతుంది. వారంటీ ఉన్న బండికి వైరింగ్ కోయించారంటే, తరవాత ఎలక్ట్రికల్ ఫిర్యాదు ఏది తెచ్చినా సర్వీసు సెంటరువాడు ఆ అతుకే చూపిస్తాడు. కోయక తప్పకపోతే మెలిపెట్టి టేపు చుట్టడంతో సరిపెట్టనివ్వకండి. సోల్డరింగ్ చేయించి, పైన వేడికి ముడుచుకునే గొట్టం తొడిగించండి. ఫ్యూజు పోతోందని పెద్ద ఫ్యూజు వేయడం మాత్రం ఎవరు చెప్పినా ఒప్పుకోవద్దు.

ఇంకో చిన్న సంగతి. మన రోడ్ల మీద ముక్కూ మొహం తెలియనివాళ్లు కూడా పక్కకు వచ్చి, గుప్పిట మూసి తెరుస్తూ, ఇండికేటర్ ఆర్పలేదని గుర్తుచేసి పోతారు. సైడ్ స్టాండు తీయలేదని అరిచి చెప్పే జాతి మనది. కొన్ని ఎల్‌ఈడీ ఫ్లాషర్లలో టిక్ టిక్‌మనే రిలే ఉండదు, కాబట్టి చప్పుడు కూడా ఉండదు. చప్పుడు లేకపోతే మరిచిపోవడం ఎక్కువవుతుంది. టిక్ టిక్ వినిపించే రకమే అడిగి తీసుకోండి, లేదా చిన్న బజరు తగిలించుకోండి.

బండి కొత్తదై, బల్బులు బాగా వెలుగుతూ, బ్యాటరీ ఆరోగ్యంగా ఉంటే ఎల్‌ఈడీ కోసం తొందరపడాల్సిన పనేమీ లేదు. పాత బండి అయితే, ఆంబర్ ఎల్‌ఈడీలూ దానికి తగిన ఫ్లాషరూ ఒకేసారి కొనండి, విడివిడిగా కొనకండి. డబ్బులిచ్చే ముందు బండిని షెడ్డు నీడలోంచి మిట్టమధ్యాహ్నపు ఎండలోకి తోయించండి. ఎడమ ఇండికేటర్ వేసి, వెనక ఇరవై అడుగులు నడిచి చూడండి, తరవాత పక్కకు వచ్చి చూడండి. కుడి వైపూ అలాగే చూడండి. ఆ రోజు నుంచి ఆదివారం బండి కడిగేటప్పుడల్లా నాలుగు దీపాలూ ఒకసారి వెలిగించి, బండి చుట్టూ తిరిగి చూసుకోండి. ఒకటి మాడితే మీ బండి ఇక మీకు చెప్పదు.